గెలికేవాళ్లతో వేగడం ఎలా?



వార్షికోత్సవ సంచిక అనగానే చదువు మీదో, పోటీ పరీక్షల మీదో వ్యాసం రాయడం మన వసతిగృహంలో ఆనవాయితీ. ఈసారి మేము వేరే విషయం ఎత్తుకున్నాము. నలుగురు కలిసి మాట్లాడుకునే చోట, ముఖ్యంగా సెల్‌ఫోన్ గ్రూపుల్లో, పనిగట్టుకుని గొడవ రేపేవాళ్లతో ఎలా వేగాలి అన్నది ఈ పాఠం. ఇంగ్లీషులో వాళ్లను ట్రోల్స్ అంటారు. మన అబ్దుల్లాపూర్‌మెట్ వైపు అంతకంటే మంచి మాటే ఉంది. గెలుకుడు. మానుతున్న పుండును గెలికితే ఏమవుతుందో తెలిసినవాళ్లకు ఈ మాటకు అర్థం చెప్పనక్కరలేదు.

ఇదేమంత పెద్ద సంగతి, పట్టించుకోకపోతే సరిపోదా అని మన సీనియర్ అన్నలు కొందరు అన్నారు. కానీ మన పూర్వ విద్యార్థుల గ్రూపు ఉత్త గుడ్‌మార్నింగుల గ్రూపు కాదు కదా. ఈ-పాస్‌లో స్కాలర్‌షిప్ రెన్యువల్ ఎప్పటిలోగా చేసుకోవాలి, ఎల్.బి.నగర్‌లో ఏ ఆసుపత్రిలో ఎవరికి రక్తం కావాలి, దిల్‌సుఖ్‌నగర్‌లో ఏ కోచింగ్ సెంటరు ఫీజు తగ్గిస్తోంది, చైతన్యపురిలో ఎవరి గదిలో ఒక మంచం ఖాళీగా ఉంది, ఇవన్నీ మనకు తెలిసేది అందులోనే. ఇంట్లో చదువుకున్నవాళ్లు ఉన్న పిల్లలకు ఈ సంగతులు నాన్న చెబుతాడు, మేనమామ చెబుతాడు. మనలో చాలామందికి కుల ధృవీకరణ పత్రం, ఆదాయ పత్రం ఎక్కడ తీసుకోవాలో చెప్పినవాళ్లు కూడా హాస్టల్ అన్నలే. అటువంటి గ్రూపులోంచి ఒక పిల్లవాడు విసుగెత్తి బయటికి పోతే, వాడికి పోయేది కాలక్షేపం కాదు.

మాకు తెలిసిన ఒక గ్రూపులో జరిగింది చెబుతాము. ఊరూ పేరూ వద్దు. ఎవరో చేర్చిన ఒక కొత్త నంబరు రాత్రి పొద్దుపోయాక ఒక మాట వదిలింది. "ఊరికే తిండి, ఊరికే చదువు, ఆ పైన రిజర్వేషన్. ఇక మెరిట్ ఎక్కడిది?" అంతే. ఆ తరువాత ఆ నంబరు పెద్దగా మాట్లాడింది లేదు. నడుమ నడుమ ఒక నవ్వు బొమ్మ, ఒక "నిజం చెబితే మండుతుందా" మాత్రమే. మాట్లాడిందంతా మనవాళ్లే. ఒకరు తిట్టారు, ఇంకొకరు తిట్టవద్దన్నారు, వద్దన్నవాణ్ని మరొకరు పిరికివాడన్నారు. పాత బ్యాచ్‌ల కక్షలు బయటికొచ్చాయి. ఎప్పుడో మెస్ దగ్గర జరిగిన తగాదా కూడా వచ్చింది. తెల్లవారేసరికి వందకు పైగా మెసేజ్‌లు. వాటి అడుగున, రాత్రి తొమ్మిదిన్నరకు ఒక అన్న పెట్టిన స్కాలర్‌షిప్ ఆఖరు తేదీ కబురు కూరుకుపోయి ఉంది. ఇంటర్ చదివే పిల్లలు ముగ్గురు నలుగురు మాట్లాడకుండా గ్రూపు వదిలి వెళ్లిపోయారు. కొత్త నంబరు మటుకు నిక్షేపంగా ఉంది.

ట్రోల్ అన్న మాట పుట్టుక చూస్తే ఇది తేలిగ్గా అర్థమవుతుంది. ఆ పేరుతో ఐరోపా ఉత్తర దేశాల కథల్లో రాకాసులున్న మాట నిజమే గానీ, అంతర్జాలంలో ఈ మాటకు మూలం చేపల వేట అని ఎక్కువమంది చెబుతారు. పడవ నెమ్మదిగా సాగుతుంటే వెనకాల గాలాన్ని నీళ్లలో ఈడ్చుకుంటూ పోవడాన్ని ఇంగ్లీషులో ట్రోలింగ్ అంటారు. 1980ల చివర, 1990ల మొదట్లో యూజ్‌నెట్ అనే పాతకాలపు చర్చా బృందాల్లో ఈ మాట వాడుకలోకి వచ్చింది. మన చెరువుల్లో కొర్రమట్టను పట్టేవాళ్లను చూసినవారికి తెలుసు, దానికి చచ్చిన ఎర వేస్తే అంతగా రాదు. ఎర కదులుతూ ఉండాలి. గెలికేవాడి మాట కూడా అలాంటిదే. దానికి కదలిక మన జవాబుల వల్ల వస్తుంది. వాడికి జవాబు అక్కరలేదు, కావలసింది జవాబు ఇచ్చేవాళ్లు.

అయితే ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. దీన్ని మేము చాలా ముఖ్యమనుకుంటున్నాము. గట్టిగా అడిగే ప్రతివాడూ గెలికేవాడు కాడు. "పోయిన వార్షికోత్సవం చందాల లెక్క ఎక్కడ?" అని ఒక జూనియర్ అడిగితే, అడిగిన తీరు కొంచెం మొరటుగా ఉన్నా, అది లెక్క చెప్పవలసిన ప్రశ్న. వాణ్ని ట్రోల్ అని ముద్రవేసి తీసేయడం పెద్దరికం కాదు, తప్పించుకోవడం. ఈ రోజుల్లో ఆ మాట ఇలాంటి పనికే ఎక్కువ వాడుతున్నారని మా అనుమానం.

మన తెలుగువాళ్లకు వాదాలు కొత్తవేమీ కావు. ఒక వందేళ్ల కిందట వాడుక భాష కోసం గిడుగు వేంకట రామమూర్తి పంతులు గారు ఒకవైపు, జయంతి రామయ్య పంతులు గారు, ఆయన స్థాపించిన ఆంధ్ర సాహిత్య పరిషత్తు మరొకవైపు ఏళ్ల తరబడి పోట్లాడుకున్నారు. గిడుగు వారి మాటలేమీ మెత్తనివి కావు. 1933లో వచ్చిన ఆయన పుస్తకం పేరే ‘ఆంధ్ర పండిత భిషక్కుల భాషాభేషజం’. పేరులోనే చురక ఉంది. గ్రాంథికం తప్ప రాయకూడదన్న పండితులే గ్రాంథికం తప్పుల్లేకుండా రాయలేకపోతున్నారని వాళ్ల రాతలు తీసి చూపించారు. కానీ ఆయన తన పేరుతో రాశారు, ఉదాహరణలు ఇచ్చారు, అడిగినది ఒక మార్పు. అవతలివారు వాదానికి జవాబు చెప్పగలరు. గెలికేవాడి విషయంలో ఇవేవీ ఉండవు. మనం ఒక రుజువు చూపిస్తే వాడు ఇంకో విషయానికి దూకుతాడు. మేము చూసేది అదే. జవాబు చెప్పాక ఆ మనిషి దాని మీద మాట్లాడుతున్నాడా, కొత్త నిప్పు రాజేస్తున్నాడా? రెండుసార్లు చూస్తే తెలిసిపోతుంది.

వీళ్లంతా పుట్టుకతో దుర్మార్గులు అనుకోవడం కూడా పొరపాటు. అమెరికాలో స్టాన్‌ఫర్డ్, కార్నెల్ విశ్వవిద్యాలయాల పరిశోధకులు 2017లో ఒక పరీక్ష ఫలితాలు ప్రకటించారు. కొందరికి తేలిక ప్రశ్నలు, కొందరికి కష్టమైన ప్రశ్నలు ఇచ్చి, తరువాత ఒక వార్త కింద అభిప్రాయం రాయమన్నారు. కొందరికి అక్కడ అప్పటికే మామూలు వ్యాఖ్యలు కనిపించాయి, కొందరికి రెచ్చగొట్టే వ్యాఖ్యలు కనిపించాయి. తేలిక ప్రశ్నలు, మామూలు వ్యాఖ్యలు ఎదురైనవారిలో సుమారు 35 శాతం మంది గెలికే రాతలు రాస్తే, కష్టమైన ప్రశ్నలతో చిరాకుపడి ఆపైన రెచ్చగొట్టే వ్యాఖ్యలు చూసినవారిలో అది 68 శాతం దాకా పోయింది. అంటే మామూలు మనుషులే. పరీక్ష పోయిన రోజున, జీతం రాని రోజున, పైన ఇంకొకడు ఒక వెకిలి మాట రాసి ఉంటే మన చేతులూ అటే పోతాయి. ఇటువంటి రాతలు రాత్రి పొద్దుపోయాక పెరుగుతాయని కూడా వారు గమనించారు. మనం చూస్తున్నదీ అదే. పగలు పదకొండింటికి పుట్టే గొడవకూ రాత్రి పదకొండింటికి పుట్టే గొడవకూ చాలా తేడా ఉంటుంది.

ఇక అసలు ప్రశ్న. జవాబు చెప్పాలా, ఊరుకోవాలా?

ఊరుకోండి, ఎర మింగకండి అన్నది అంతర్జాలంలో పాత సలహా. సినిమా హీరోల మీద, క్రికెట్ మీద గొడవలకు ఇది చాలు. మన విషయంలో ఇది సగమే పనికొస్తుందని మా అభిప్రాయం. ఒక నంబరు మన కులాన్ని, మన తిండిని ఎత్తిచూపినప్పుడు రెండు మూడు వందల మంది ఉన్న గ్రూపు మౌనంగా ఉంటే, మొన్ననే చేరిన ఇంటర్ పిల్లవాడు ఏమనుకుంటాడు? అందరికీ అదే అభిప్రాయం కాబోలు అనుకుంటాడు. కాబట్టి ఒక జవాబు ఉండాలి. ఒక్కటే. అది గెలికినవాడి కోసం కాదు, చదువుతున్న మిగతావాళ్ల కోసం. తిట్టు లేకుండా, ప్రశ్న లేకుండా, నాలుగు వాక్యాల్లో ఉండాలి. ప్రశ్న ఎందుకు వద్దంటే, ప్రశ్న వేశామంటే మళ్లీ మాట్లాడమని పిలిచినట్టే.

పై ఉదాహరణకు జవాబు ఎలా ఉండవచ్చో చూడండి. "పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్ ఎస్సీ విద్యార్థుల కోసం 1944లోనే మొదలైంది. అది దానం కాదు, ప్రభుత్వ పథకం. బాబాసాహెబ్ అంబేద్కర్ 1913లో కొలంబియా విశ్వవిద్యాలయానికి వెళ్లింది బరోడా సంస్థానం ఇచ్చిన స్కాలర్‌షిప్ మీదనే, మెరిట్ ఏమైందో లోకానికి తెలుసు. రిజర్వేషన్లకు ఆధారం రాజ్యాంగంలోని 15(4), 16(4) అధికరణలు, చదువుకోదలచినవారు చదువుకోవచ్చు. స్కాలర్‌షిప్ రెన్యువల్ తేదీ మెసేజ్ పైన ఉంది, అందరూ చూసుకోండి." ఇంతే. ఆఖరి వాక్యం మరవకండి. మాటను మళ్లీ గ్రూపు పని మీదికి తెచ్చేది అదే.

ఈ జవాబు ఎవరు చెప్పాలన్నది ఇంకా ముఖ్యం. మాట ఎవరికి తగిలిందో వాళ్లచేత చెప్పించకూడదు. ఒక చెల్లెలిని ఆమె ఫోటో మీదో, మాట మీదో ఎగతాళి చేస్తే, ఆమే జవాబు చెప్పుకోవాలని చూస్తూ కూర్చోవడం ఏం న్యాయం? పక్కనున్నవాళ్లు, వీలైతే పాత బ్యాచ్ అన్నలు, ఒకరు మాట్లాడాలి. మరొకరు ఆ చెల్లెలికి విడిగా ఫోన్ చేయాలి. "అక్కడ జరిగింది చూశాము, నువ్వు జవాబివ్వనక్కరలేదు, మేమున్నాము" అంటే చాలు. గ్రూపులో వంద మెసేజ్‌ల కన్నా ఆ ఒక్క ఫోన్ ఎక్కువ పని చేస్తుంది.

అవమానానికి కలిసి జవాబు చెప్పడం మనకు ఎవరో కొత్తగా నేర్పాలా? 1917 నవంబరులో బెజవాడలో ఒక సభ జరిగింది. పిలిచినప్పుడు దాని పేరు పంచమ మహాసభ. అధ్యక్షుడు మన హైదరాబాదు నుంచి వెళ్లిన మాదరి భాగ్యరెడ్డి వర్మ గారు. ఇక్కడ 1906లో జగన్‌మిత్ర మండలి పెట్టి, బస్తీల్లో బడులు నడిపిన మనిషి. ఆ పంచమ అన్న పేరే మాకు వద్దు, పురాణాల్లోనూ చరిత్రలోనూ ఆ మాటకు ఆధారం లేదు, మేము ఈ నేల తొలి మనుషులము అని ఆయన వాదించారు. సభ పేరు ఆది ఆంధ్ర మహాసభగా మారింది. ఆ పేరుతో పిలిచేవాళ్లు ఊరూరా ఉన్నారు, ఒక్కొక్కరితో వీధిలో తగువు పెట్టుకుంటే ఏళ్లు పట్టేది. వాళ్లు ఒక చోట కూర్చుని, ఒక తీర్మానం చేసి, తమ పని తాము చేసుకున్నారు.

గ్రూపు నడిపేవాళ్లు నేర్చుకోవలసింది తెలుగువాళ్ల పాత చర్చావేదికల నుంచి కూడా కొంత ఉంది. దిల్‌సుఖ్‌నగర్ ఇంటర్నెట్ కేంద్రాల్లో గంటల లెక్కన డబ్బు కట్టి కూర్చున్న అన్నలకు ఇవి జ్ఞాపకం ఉండవచ్చు. 1990లలో విదేశాల్లోని తెలుగువాళ్లు యూజ్‌నెట్‌లో తెలుగు బృందం పెట్టుకుని, తెలుగును ఇంగ్లీషు అక్షరాల్లో రాసి వాదించుకునేవారు. తరువాత యాహూ గ్రూపులు వచ్చాయి, వాటిలో రచ్చబండ అనే పేరుతోనే ఒకటి ఉండేది. యాహూ సంస్థ 2020 డిసెంబరులో ఆ గ్రూపులన్నిటినీ మూసేసింది. 2000ల మధ్య నుంచి తెలుగు బ్లాగులు వచ్చాయి. వాటిలో పేరు చెప్పకుండా వ్యాఖ్య రాస్తే ‘అజ్ఞాత’ అని పడేది. కొన్నాళ్లకు ఆ మాటే ఒక జాతి పేరయింది. "నిన్న అజ్ఞాతలు వచ్చి పోయారు" అంటే ఎవరింటి మీదో రాళ్లు పడ్డాయని అర్థం. చివరికి చాలామంది, తాము చూశాకే వ్యాఖ్య బయటికి వచ్చేలా ఏర్పాటు చేసుకోవలసి వచ్చింది.

వీటన్నిటిలో మాకు నచ్చిన పద్ధతి తెలుగు వికీపీడియాది. 2003 డిసెంబరులో మొదలైంది. అక్కడ అందరూ కలిసి మాట్లాడుకునే పేజీ పేరు కూడా రచ్చబండే. ఎవరైనా ఏ వ్యాసాన్నైనా దిద్దవచ్చు, అందువల్ల ఎవరైనా పాడు చేయవచ్చు కూడా. అయినా అది నిలబడింది. ఎందుకంటే ప్రతి మార్పూ చరిత్రలో నమోదవుతుంది, పాడు చేసినదాన్ని ఒక్క నొక్కుతో వెనక్కి తిప్పవచ్చు. పాడు చేసినవాడితో పెద్ద పంచాయతీ పెట్టరు. రాతను తిప్పేస్తారు, ఒక హెచ్చరిక రాస్తారు, మళ్లీ చేస్తే కొన్నాళ్లు నిరోధిస్తారు. చర్చలో రాసినవారు సంతకం చేయాలి. మాట్లాడవలసింది రాత మీద, రాసినవాడి మీద కాదు. గెలికేవాడికి దొరకవలసిన ఆట దొరకదు, అంతే.

కొన్ని మాటలు గెలుకుడు హద్దు దాటి నేరం అవుతాయి. 2019 నవంబరు చివర శంషాబాద్ దగ్గర పశువైద్యురాలి మీద అఘాయిత్యం జరిగి రాష్ట్రమంతా ఏడుస్తుంటే, చనిపోయిన ఆ అమ్మాయి మీదనే ఫేస్‌బుక్‌లో అసభ్యంగా రాసినవాళ్లున్నారు. ఆ డిసెంబరులో నిజామాబాద్ జిల్లా యువకుణ్ని ఒకణ్ని హైదరాబాద్ సైబర్ క్రైం పోలీసులు అరెస్టు చేశారు. దొంగ పేరు పెట్టుకుంటే ఎవరికీ తెలియదన్నది ఉత్త భ్రమ.

చట్టం గురించి మన పిల్లల్లో చాలా అపోహలున్నాయి కాబట్టి నాలుగు మాటలు. సమాచార సాంకేతిక చట్టంలోని 66ఎ సెక్షన్ కింద కేసు పెడతామని ఇప్పటికీ బెదిరించేవాళ్లున్నారు. ఆ సెక్షన్ భావప్రకటన స్వేచ్ఛకు విరుద్ధమని సుప్రీంకోర్టు 2015 మార్చి 24న కొట్టేసింది. దాని కింద ఎవరి మీదా కేసు ఉండదు. మనకు అసలు రక్షణ ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం, 1989. ఎస్సీ, ఎస్టీలకు చెందని వ్యక్తి, ప్రజల కంట పడే చోట మనల్ని అవమానించాలని ఉద్దేశపూర్వకంగా కించపరిస్తే సెక్షన్ 3(1)(ఆర్), కులం పేరుతో దూషిస్తే 3(1)(ఎస్), మన వర్గాల మీద ద్వేషం రెచ్చగొడితే 3(1)(యు). శిక్ష ఆరు నెలల నుంచి అయిదేళ్ల వరకు, జరిమానా. అంతర్జాలంలో అందరూ చూసేలా పెట్టినది కూడా ప్రజల కంట పడినట్టేనని 2022లో కేరళ హైకోర్టు ఒక కేసులో చెప్పింది. ఇద్దరి మధ్య విడి సంభాషణ వేరు. గ్రూపు అడ్మిన్ అయినంత మాత్రాన సభ్యుడు రాసినదానికి నేరస్థుడు కాడని బొంబాయి, కేరళ హైకోర్టులు చెప్పాయి. కాబట్టి అడ్మిన్‌గా ఉండడానికి భయపడనక్కరలేదు. ప్రతి చిన్న మాటకూ అట్రాసిటీ కేసు పెడతామని బెదిరించడం మటుకు మనమే చేసే గెలుకుడు. నిజంగా అవసరమైన రోజున మన మాటకు విలువ లేకుండా పోతుంది.

ఆ అవసరమే వస్తే, కోపంలో గ్రూపు వదిలి వెళ్లకండి, చాట్ చెరిపేయకండి. పేరు కాదు, ఫోన్ నంబరు, తేదీ, సమయం కనిపించేలా స్క్రీన్‌షాట్ తీయండి. పేరు మనం సేవ్ చేసుకున్నది మాత్రమే, అది రుజువు కాదు. ముందూ వెనకా మెసేజ్‌లు కూడా కలిపి తీయండి. ఆ ఫోన్ అమ్మకండి, ఫార్మాట్ చేయకండి. ఫిర్యాదు ఏ పోలీసుస్టేషన్‌లోనైనా ఇవ్వవచ్చు, మా పరిధి కాదని తిప్పి పంపకూడదు. సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్ అనే కేంద్ర ప్రభుత్వ పోర్టల్‌లో కూడా ఇవ్వవచ్చు. అత్యాచారాల నిరోధక చట్టం విషయమైతే 14566 అనే జాతీయ హెల్ప్‌లైన్ ఉంది. 1930 ముఖ్యంగా డబ్బు మోసాలకు, అది వేరు. ఒంటరిగా పోకండి, ఒక అన్ననో అక్కనో వెంట తీసుకుపోండి.

ఇక మన గ్రూపు సంగతి. సీనియర్లతో మాట్లాడి ఈ సంవత్సరం నుంచి కొన్ని ఏర్పాట్లు చేస్తున్నాము. నోటీసుల గ్రూపు వేరు, ముచ్చట్ల గ్రూపు వేరు. నోటీసుల గ్రూపులో అడ్మిన్లు తప్ప ఎవరూ రాయడానికి ఉండదు, కాబట్టి స్కాలర్‌షిప్ తేదీ ఏ లొల్లి కిందా కూరుకుపోదు. ముచ్చట్ల గ్రూపులో రాత్రి పదిన్నర నుంచి పొద్దున ఆరు వరకు అదే పద్ధతి. అత్యవసరంగా రక్తం కావలసివస్తే అడ్మిన్లలో ఎవరికైనా ఫోన్ చేస్తే వాళ్లు పెడతారు. అడ్మిన్లు వేర్వేరు బ్యాచ్‌ల నుంచి అయిదుగురు, వారిలో ఇద్దరు అక్కలు. కొత్త నంబరును చేర్చేవాళ్లు ఫలానా బ్యాచ్, ఫలానా గది అని పరిచయం చేయాలి. మొదటిసారికి విడిగా ఫోన్, రెండోసారికి నెల రోజులు బయట. గొడవలో తాను కూడా ఉన్న అడ్మిన్ ఆ గొడవ మీద నిర్ణయం తీసుకోరాదు, మిగతా నలుగురు తీసుకుంటారు. చందాల లెక్క మూడు నెలలకొకసారి నోటీసుల గ్రూపులో పెడతారు. ఎవరూ అడగక ముందే.

పైన చెప్పిన గ్రూపు వదిలి వెళ్లిన పిల్లల్లో ఇద్దరి నంబర్లు దొరికాయి. మూడో పిల్లవాడిది యాచారం వైపు ఊరని తెలిసింది, నంబరు మారింది. ఈ సంచిక చదివేవాళ్లలో ఎవరికైనా వాడి జాడ తెలిస్తే వార్డెన్ గారి ఆఫీసులో గానీ, వార్షికోత్సవ కమిటీకి గానీ చెప్పగలరు.